నాలుగో ఇంటి గొంతు

కొనాలా, మానాలా? వారం రోజులుగా మొగిలికి ఇదే యావ.

కొత్తగా వచ్చిన కెమెరా డ్రోన్ అది. మడిస్తే చొక్కా జేబులో పడుతుంది, పావుకిలో కూడా తూగదు. లైసెన్సుల గొడవ కూడా ఏమీ లేదని షాపతను చెప్పాడు. షాపువాళ్ళు ఏది అమ్మినా గొడవ లేదనే చెబుతారు, అది వేరే సంగతి.

జనగామ దగ్గర మొగిలికి చిన్న ఫొటో స్టూడియో ఉంది. పద్దెనిమిదేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాడు. తాళి కట్టే క్షణం వాడి చేతిలో ఒక్కసారి కూడా తప్పిపోలేదని చుట్టుపక్కల పేరు. ఏం లాభం? ఈ మధ్య పెళ్ళివాళ్ళు లోపలికి కూడా రావడం లేదు. గుమ్మంలోనే నిలబడి, "డ్రోన్ ఉన్నదా అన్నా?" అంటారు. లేదంటే చాలు, అటునుంచి అటే పోతారు. ఈ ముహూర్తాలకే నాలుగు పెళ్ళిళ్ళు చేజారిపోయాయి. ఇంకో రెండు సీజన్లు ఇట్లాగే గడిస్తే షట్టరు దించుకోవడమే. పోనీ కొందామా అంటే దాచుకున్నదంతా ఊడ్చి దానికే పెట్టాలి.

భార్య వద్దంది. తమ్ముడు కొనెయ్యమన్నాడు. ఇద్దరిమధ్యా నలిగి నలిగి, మొగిలి గురువును అడుగుదామని బయలుదేరాడు.

గురువంటే ఆశ్రమమూ పులిచర్మమూ అనుకునేరు. ఉప్పలయ్య కల్లు గీసే మనిషి. అరవై ఎనిమిదేళ్ళ వయసులో కూడా తాటిచెట్టు ఎక్కి దిగుతాడు. పున్నమి రాత్రి ఇంటిముందు చాప పరిచి నలుగురికీ అచలబోధ చేస్తాడు, కదలని తత్వమేదో చెబుతాడు. "చూసుడు కాదురా, చూసేటోన్ని చూడుండ్రి" అంటుంటాడు. పదేళ్ళుగా మొగిలి ఒక్క పున్నమి తప్పలేదు. బోధ అయ్యాక ఆయన భార్య అండాలమ్మ అందరికీ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెడుతుంది. మొగిలి పళ్ళెంలో మాత్రం ఒక రొట్టె ఎక్కువ పడుతుంది. "తిను కొడుకా, ఎండిపోయినవ్" అంటుంది. తల్లి లేని మొగిలి పున్నమి కోసం ఎదురు చూసేది బోధకా, రొట్టెకా అంటే, వాడే చెప్పలేడు.

ఈసారి పున్నమిదాకా ఓపిక పట్టలేకపోయాడు. ఒక్కరోజు చూసుకొమ్మని షాపతను ఇచ్చిన డ్రోన్‌ను సంచిలో వేసుకుని, పొద్దున్నే బండిమీద వచ్చి గురువు ఇంటిముందు వాలాడు.

ఉప్పలయ్య వాకిట్లో మంచం మీద కూచుని గీత కత్తి నూరుకుంటున్నాడు.

"ఏందిరా, ఇయ్యాల పున్నమి గాదు గద!"

"ఒక్క మాట అడుగుదామని వచ్చిన గురువయ్యా. ఇది కొనాల్నా వద్దా, మీరే చెప్పాలె. మీరు సరే అంటే కొంట, వద్దంటే ఇటునుంచి ఇటే షాపుల ఇచ్చేస్త."

డ్రోన్ తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. ఉప్పలయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పిచ్చుకంత లేదు గదరా ఇది!"

అంతే, మొగిలికి హుషారొచ్చింది. గాలి వీచినా అది ఎట్లా కదలకుండా నిలబడుతుందో, దాని కన్ను ఎంత స్పష్టంగా చూస్తుందో, ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. అక్కడితో ఆగినా బాగుండేది. గురువు దగ్గర తన చదువు కూడా కాస్త ఒలకబోయాలనిపించింది పాపం.

"మీరు సాక్షి, సాక్షి అని చెప్తరు గదా. ఇది అదే అనుకోండి గురువయ్యా. పైనుంచి అన్నీ చూస్తది, దేనికీ అంటుకోదు."

ఉప్పలయ్య కత్తి పక్కన పెట్టాడు. "గట్లనా!" అన్నాడు. "అయితే ఎగిరియ్యి, చూద్దాం నీ సాక్షిని."

మొగిలి వాకిట్లో గడ్డివాము పక్కన పెట్టి వదిలాడు. రయ్యిమని లేచింది. చేతిలో ఫోను తెరమీద వాకిలి చిన్నదైపోయింది, వీధి చిన్నదైపోయింది, ఊరంతా చాపమీద ఆరబోసినట్టు పరుచుకుంది. ఉప్పలయ్య పక్కకొచ్చి వంగి చూశాడు.

"అగ్గో, తాటిచెట్ల నెత్తులు! ఇన్నేండ్లు నేనొక్కన్నే చూసిన అనుకున్న. ఇప్పుడు నువ్వు గూడ చూడవడ్తివి" అని నవ్వాడు.

గురువు నవ్వాడంటే సగం సరే అన్నట్టే. మొగిలి పొంగిపోయాడు. "ఆగుండ్రి, ఇప్పుడు మన ఇల్లు చూపిస్త" అంటూ డ్రోన్‌ను ఇంటిమీదికి తిప్పి, కన్ను కిందికి వంచి, ఇంకా దగ్గరగా దించాడు.

తెరమీద పెంకులు కనిపించాయి. పెంకుల వెనక పెరడు. పెరట్లో నాలుగు వైపులా కట్టిన తాటాకు తడకలు, పైన ఏమీ లేదు. తడకల మధ్య అండాలమ్మ తలకు పోసుకుంటోంది.

మోత విని ఆమె తల ఎత్తింది. నీళ్ళు కారుతున్న కళ్ళు విప్పి పైకి చూసింది. సూటిగా తననే చూసినట్టనిపించింది మొగిలికి. మరుక్షణం తడకమీది చీర లాక్కుని, ఆమె ఒక మూలకు ముడుచుకుపోయింది.

వాడి వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఏ మీట నొక్కితే ఏమవుతుందో మొత్తం మరిచిపోయాడు. పద్దెనిమిదేళ్ళుగా కెమెరా పట్టిన చేతులవి! తెర మూలన ఎర్రచుక్క మిణుకుమిణుకుమంటోంది. అదంతా రికార్డవుతోంది.

ఉప్పలయ్య భుజం మీది తువ్వాలు తీసి ఫోను మీద కప్పాడు. వెళ్ళి మంచం మీద కూచున్నాడు.

ఆ తువ్వాలు ఎత్తే ధైర్యం మొగిలికి లేకపోయింది. దాని కిందే చేత్తో తడుముకుని, ఎగిరినచోటికి తిరిగొచ్చే మీట నొక్కాడు. అది మాత్రం ఏమీ తొందర లేనట్టు, అదే మోత మోగించుకుంటూ, నింపాదిగా వచ్చి గడ్డివాము పక్కన దిగింది. అంత పొడుగు నిమిషం వాడి జన్మలో లేదు. తర్వాత పాతకాలం ఫొటోగ్రాఫరు లాగా తువ్వాలు కింద తల దూర్చి, కళ్ళు సగం మూసుకుని, వీడియో చెరిపేశాడు.

అప్పుడొచ్చింది అండాలమ్మ. జుట్టునుంచి నీళ్ళు కారుతున్నాయి. చీర ఎట్లా చుట్టుకుందో ఆమెకే తెలియదు.

"ఏందయ్యా అది! నెత్తిమీద తేనెటీగల మోత. ఏందా అని చూస్తే ఒంటికన్ను! నా పానం పోయిందనుకున్న. ఎవడు పంపిండు దాన్ని? ఈ ముసల్దాని ఒళ్ళు చూసి ఏం జేసుకుంటడు వాడు, వాని చేతులిరగ!"

ఆమె ద్వారబంధం పట్టుకుని ఆకాశంలోకి వెతుకుతోంది.

డ్రోన్ గడ్డివాము చాటున ఉంది. ఆమె చూడలేదు. భూములు కొలిచేవాళ్ళు ఆ వారమంతా డ్రోన్లు ఎగరేసుకుంటూ ఊళ్ళమీద తిరుగుతున్నారు. 'సర్వేవాళ్ళయి ఉంటరమ్మా' అనే మాట మొగిలి నాలుక చివరిదాకా వచ్చింది. గురువు వైపు చూశాడు. ఉప్పలయ్య మళ్ళీ కత్తి నూరుకుంటున్నాడు. చెప్పు అనలేదు, చెప్పకు అనలేదు. అసలు వాడి వైపే చూడలేదు.

"నేనేనమ్మా" అన్నాడు మొగిలి.

ఆమెకు అర్థం కాలేదు. "నువ్వేంది?"

"అది నాదేనమ్మా. గురువయ్యకు ఇల్లు చూపిద్దామని ఎగిరేసిన. కావాలని కాదు, నా పిల్లల మీద ఒట్టు. మొత్తం చెరిపేసిన. నువ్వే చూడు, ఏం లేదు" అని ఫోను ఆమె ముందుకు చాపాడు.

ఎంత తెలివితక్కువ పని! తప్పు ఒప్పుకోవడానికి కూడా బొమ్మే చూపించబోయాడు. అండాలమ్మ పామును చూసినట్టు రెండడుగులు వెనక్కి వేసింది.

"నువ్వా మొగిలీ?"

తిడుతుందనుకున్నాడు. చీపురు తిరగేసి నాలుగు తగిలించినా బాగుండుననుకున్నాడు. ఆమె కొంగు మెడచుట్టూ బిగించుకుని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల గడియ పడ్డ చప్పుడు వినిపించింది.

ఉప్పలయ్య లేచాడు. గీతకు వేళైంది. కత్తులు పెట్టుకునే ముస్తాదు నడుముకు బిగించి, చెట్టెక్కే మోకుతాడు భుజాన వేసుకుని, ఇంటి పక్క తాటిచెట్టు దగ్గరికి నడిచాడు. మొగిలిని రమ్మనలేదు, పొమ్మనలేదు. వాడు వెనకాలే పోయాడు. చెట్టుకింద అప్పటికే ముగ్గురు మనుషులు కల్లు కోసం కూచుని ఉన్నారు.

గురువు మోకును చెట్టుకు చుట్టాడు. ఎక్కుతాడనుకుంటే ఎక్కలేదు. నోటిపక్కన చెయ్యి పెట్టుకుని ఒక్క కేక పెట్టాడు.

"చెట్టెక్కుతున్ననో... తల్లులారా!"

మొగిలి ఉలిక్కిపడ్డాడు. ఓ పెరట్లోంచి జవాబొచ్చింది. "ఎక్కు పెదనాయినా!"

ఇంకో పెరట్లోంచి, "జరంత ఆగు తాతా, పిల్ల తానం చేస్తున్నది!"

ఉప్పలయ్య ఆగాడు. కాసేపటికి ఆ గొంతే, "ఇగ ఎక్కు!" అంది.

మూడో ఇంట్లోంచి ఓ ముసలామె దగ్గుతూ అరిచింది. "నా దిక్కు చూసెటందుకు ఏమున్నదిరా, ఎక్కు!"

కింద కూచున్నవాళ్ళు నవ్వారు. మొగిలికి నవ్వు రాలేదు. పదేళ్ళుగా వస్తున్నాడు, గీత వేళకు ఒక్కనాడూ రాలేదు, ఈ కేక ఒక్కనాడూ వినలేదు. పక్కనున్న మనిషిని మెల్లగా అడిగాడు.

"రోజూ ఇంతేనా అన్నా?"

"నాకు తెలివొచ్చినప్పటి సంది ఇంతే. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి. గీ చెట్టెక్కితే నాలుగిండ్ల పెరళ్ళు కనవడ్తయి. నాలుగిండ్లోళ్ళు సరేనంటేనే కాలు పెడ్తడు."

మూడు గొంతులు వచ్చాయి. ఉప్పలయ్య ఇంకా కిందే నిలబడి ఉన్నాడు. నాలుగో ఇల్లు ఆయనదే.

ఆయన మళ్ళీ కేక పెట్టలేదు. చెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంటి తలుపు మూసే ఉంది. ఎండ ఎక్కింది. పైన కట్టిన లొట్టి కుండ నిండి, కల్లు పొంగి, నురగ చెట్టు వెంట కిందికి కారసాగింది. ఈగలు ముసిరాయి. కూచున్నవాళ్ళకు ఓపిక చచ్చిపోయింది.

"ఎక్కు గురువయ్యా, పొద్దటి కల్లంత పాడైతున్నది! ఎవరికోసం చూస్తున్నవ్? నీ పెండ్లామే గద. నువ్వు చూస్తే ఏందట?"

"చెట్టుమీద మొగడుండడు బిడ్డా" అన్నాడు ఉప్పలయ్య. "రెండు కండ్లే ఉంటయి."

ఆ మాట అన్నది మొగిలితో కాదు. చెంప ఛెళ్ళుమన్నది మాత్రం వాడికే. గబగబా దగ్గరికి వెళ్ళాడు.

"గురువయ్యా, నావల్ల మీ కల్లు పాడైతున్నది. నేను పోయి అమ్మ కాళ్ళు పట్టుకుంట. ఒక్క మాట పలకమని బతిమాలుకుంట."

"బతిమాలి పలికిస్తే, అది నీ గొంతే అయితదిరా."

మొగిలి ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు. తనకోసం ఎన్నడూ మూతపడని తలుపు అది. ఇప్పుడు దాన్ని తట్టే మొహం కూడా లేదు.

అంతలో ఫోను మోగింది. షాపతను.

"ఏమన్నా, ఎట్లున్నది పీసు? బిల్లు రాయమంటవా?"

మొగిలి మూసిన తలుపు వైపు చూశాడు. "ఇంకా అడగలే తమ్మీ."

"అదేందన్నా? గురువు దగ్గరికే పోతున్న అన్నవు గద!"

"అడగాల్సింది గురువును కాదు" అని ఫోను పెట్టేశాడు.

వెళ్ళి చెట్టు మొదట్లో, ఇంటికి వీపు పెట్టి కూచున్నాడు. కల్లు కోసం వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, గొణుక్కుంటూ వేరే చెట్టుకు పోయారు. నురగ చుక్కలు మొగిలి భుజం మీద పడుతున్నాయి. వాడు తుడుచుకోలేదు. లోపలినుంచి చిన్న అలికిడి కూడా రాలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక ఉప్పలయ్య మోకు విప్పాడు. యాభై ఏళ్ళ గీతలో ఎక్కకుండా మోకు విప్పిన రోజు అదొక్కటే. దాన్ని చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు. ఇంటివైపు తిరిగి, తలుపు అవతలికి వినపడేంత గొంతుతో, కోపమన్నది లేకుండా అన్నాడు.

"మాపటికి మళ్ల అడుగుత అండాలూ."