అరుగు మీద విశ్వకుటుంబం

అమరగిరి రాజు రుద్రభూపాలుడికి ఉన్నట్టుండి ఒక బుద్ధి పుట్టింది. రాజ్యంలోని బడులన్నిటికీ ఒకే పాఠ్యక్రమం ఉండాలి, ప్రపంచమంతా మనవాళ్లేనని పిల్లలు నేర్చుకోవాలి. బాగా రాసినవాళ్లకు జరీ శాలువా ఇస్తానన్నాడు.

ఆస్థాన పండితుడు దివాకరావధాని వెంటనే గంటం పట్టాడు. ఆయనకు తెలియని దేశం లేదు, తెలిసిన పొరుగువాడూ లేడు. చీనావాళ్లు, రోమువాళ్లు అందరూ మన సోదరులేనంటూ తాటాకుల మోపు నింపేశాడు.

ఆయన సొంత బడిలో మాత్రం చెప్పులు కుట్టే గుర్రప్ప కూతురు పోలి బయట అరుగు మీదే కూర్చునేది. వానొస్తే తడిసేది. చెప్పులు కుట్టేవాళ్లతో మంచినీళ్లు పంచుకున్నవాళ్లెవరూ గడప దాటకూడదని అవధాని నియమం పెట్టాడు. గుర్రప్ప వచ్చి బతిమాలితే కసిరి పంపేశాడు. ఆ గోడు విదూషకుడు చిట్టెన్న చెవిన పడి, అతనికి ఒళ్లు మండింది.

అవధాని రాసిందే బాగుందని తేల్చి, ఆయనకు శాలువా కప్పే రోజు రాజు బడికే వచ్చాడు. చిట్టెన్న ఓడ దిగిన పరదేశి ఒకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. రేవులో నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకున్న మనిషి.

రాజు చూస్తున్నాడు కదా, అవధాని పొంగిపోయాడు. రాజు లేకపోతే దూరం నుంచే దండం పెట్టి పంపేవాడు. ఇప్పుడేమో పరదేశిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తన వెండిచెంబులో నీళ్లు సగం తాగించి, మిగతా సగం తాను తాగాడు.

"సముద్రాల అవతలివాడైనా నా సోదరుడే," అన్నాడు అందరికీ వినబడేలా.

మీ దేశంలో ఏం పని చేస్తారని చిట్టెన్న పరదేశిని అడిగాడు.

"చెప్పులు కుడతాను. మా నాన్న పనీ అదే."

అవధాని చేతిలో చెంబు జారి కిందపడింది. చిట్టెన్న చేతులు కట్టుకుని ఎంతో వినయంగా అన్నాడు:

"అవధానిగారూ, నియమం మీరు పెట్టిందే. లేచి అరుగు మీదికి దయచేయండి. పోలి కాస్త జరిగి చోటిస్తుంది."

బడంతా గొల్లుమంది. రాజు నవ్వాపుకుంటూ, తమరు బయటికి వెళతారా, పిల్ల లోపలికి రావాలా తేల్చమన్నాడు.

"ఆ నియమం నేటితో రద్దు ప్రభూ," అని అవధాని నసిగాడు.

రాజు శాలువా తీసి చిట్టెన్నకు కప్పాడు. చిట్టెన్న దాన్ని మొదటి వరసలో, సరిగ్గా అవధాని పీటకు ఎదురుగా పరిచాడు. పోలి వచ్చి దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇక పాఠం చెప్పండయ్యగారూ," అంది.