మంగసాని పాట దొంగలు

హేమవాడ అని పూర్వం ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని రణధీర భూపాలుడనే రాజు ఏలేవాడు. పేరులో రణం ఉన్నా ఆయనకు యుద్ధాల మీద ఆసక్తి లేదు, బిరుదులంటే మాత్రం మహా ఇష్టం. 'సంగీత సార్వభౌమ' అనే బిరుదు తనకు తానే ఇచ్చుకుని, రోజూ సభ మొదలయ్యే ముందు దాన్ని మూడుసార్లు చదివించుకునేవాడు.

నిజానికి ఆ సభకు పేరు తెచ్చింది మంగసాని అనే గాయని. ఆమె పాడుతుంటే తాంబూలం నోట్లో పెట్టుకున్నవాళ్ళు నమలడం మరిచిపోయేవారు. "ఆగవే మేఘమా, ఆయన ఇంకా దారిలోనే" అని ఆమె స్వయంగా కట్టిన పాట ఒకటుంది. అది వినడానికి పొరుగు రాజ్యాల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు.

ఆ సభలోనే కోనప్ప అనే హాస్యగాడు ఉండేవాడు. అతను మాట విసిరితే రాజు నవ్వాలి. అదే అతని కొలువు.

ఒకనాడు నిండు సభలో మంగసాని ఆ పాటే అందుకుంది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. చరణంలో పైస్థాయికి వెళ్ళే చోట గొంతు జీరబోయి, స్వరం తెగిపోయింది. ఎవరూ కదల్లేదు. రాజు కోనప్ప వైపు చూశాడు. కోనప్ప నోరు అలవాటు కొద్దీ ఊరుకోలేదు.

"ఆగమన్నది మేఘాన్ని కదా ప్రభూ! మేఘం వినలేదు గానీ, గొంతు విన్నది!"

రాజు పగలబడి నవ్వాడు. రాజు నవ్వాడని సభంతా నవ్వింది. రాజు మెడలోని ముత్యాలహారం తీసి కోనప్ప మీదికి విసిరాడు.

మంగసాని తంబురా మెల్లగా కింద పెట్టింది. రాజుకు నమస్కరించింది. కోనప్ప వైపు తిరిగి అతనికీ నమస్కరించింది. ఆ వెళ్ళడం వెళ్ళడం మళ్ళీ కోటలో అడుగు పెట్టలేదు.

మర్నాడు వెళ్ళి క్షమించమని అడుగుదామనుకున్నాడు కోనప్ప. మర్నాడు వసంతోత్సవం వచ్చింది. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని వెళ్ళడమా అనిపించింది. ఎవరేమన్నా చటుక్కున జవాబు చెప్పగలిగేవాడికి, ఆమె గుమ్మంలో నిలబడి అనాల్సిన మొదటి మాట మాత్రం దొరకలేదు. ఆమె సాలెవీధిలో ఒక చిన్న ఇంట్లో ఉంటోందని తెలుసు. రెండుసార్లు ఆ వీధి మొగ దాకా వెళ్ళి తిరిగొచ్చేశాడు. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. ఒక వానాకాలంలో ఆమె పోయిందని కబురు వచ్చింది.

ఆ ఏడాది చివర్లో రాజు పొరుగు రాజుగారింట పెళ్ళికి వెళ్ళి, మొహం కందగడ్డ చేసుకుని తిరిగొచ్చాడు. అక్కడి పాటగత్తెలు "ఆగవే మేఘమా" పాడారట. హేమవాడ రాజు పేరు ఒక్కరూ తలవలేదట.

"ఆ పాట నా సభలో పుట్టింది. నా సొత్తు! ఇకమీదట నా అనుమతి లేకుండా పాడినవాళ్ళకు నాలుక కోయిస్తాను" అని దండోరా వేయించాడు.

మూడోరోజే భటులు ఈరమ్మ అనే నేతగత్తెను పట్టుకొచ్చారు. వీధిలో చాపిన నూలుకు గంజి పెడుతూ ఆమె ఆ పాట పాడుతోందట.

"దొంగిలించలేదు దొరా" అంది ఈరమ్మ చేతులు జోడించి. "మంగమ్మగారే మా అరుగు మీద కూర్చుని నేర్పింది. మా వీధిలో ఆడవాళ్ళందరికీ వచ్చు."

"అయితే వీధి వీధంతా దొంగలే! ముందు దీని నాలుక కోయండి" అన్నాడు రాజు.

కోనప్ప లేచాడు.

"మహాప్రభూ, శిక్షకు తొందరేముంది? ముందు సొత్తు ఖజానాకు చేరాలి కదా. నాలుక పోయాక పాటను ఎక్కణ్ణుంచి రాబడతాం?"

"నిజమే. ఎలా రాబట్టాలంటావు?"

"పాడించి. ఖజానాదారుగారు పెట్టె మూత తెరిచి పక్కనే ఉండాలి."

రాజు సరేనన్నాడు. ఖజానాదారు పెద్ద ఇత్తడి పెట్టె మోయించుకొచ్చి మూత తెరిచి పట్టుకున్నాడు. ఈరమ్మ కళ్ళు మూసుకుని పాడింది. మొదట గొంతు వణికింది, తర్వాత సర్దుకుంది. ఆ పైస్థాయి దగ్గరికి వచ్చేసరికి కోనప్ప తల వంచుకున్నాడు. ఈరమ్మ అక్కడికి తేలిగ్గా ఎక్కి, కాసేపు నిలిచి, మెల్లగా దిగింది.

"మూత వేయండి" అన్నాడు కోనప్ప. "సొత్తు ముట్టిందా?"

"ఏం ముట్టడమయ్యా, పెట్టె ఖాళీగానే ఉంది" అన్నాడు ఖజానాదారు.

"ఈరమ్మా, ఇచ్చేశావు కదా, నీ దగ్గరేమైనా మిగిలిందా?"

"అంతా ఉందయ్యా. మళ్ళీ పాడమంటే పాడతా."

కోనప్ప రాజుకు చేతులు జోడించాడు. "ఇదేం దొంగసొత్తు ప్రభూ! ఇచ్చినా ఆమెకు తరగలేదు, పుచ్చుకున్నా పెట్టె నిండలేదు. పైగా ఇప్పుడు సభలో సగం మందికి పల్లవి పట్టుబడింది. ఏలినవారి వేళ్ళు సింహాసనం మీద తాళం వేయడం నేను చూశాను. దొంగలం చాలామందిమి అయ్యాం. ఎవరి నాలుకతో మొదలుపెట్టమంటారు?"

రాజు తన వేళ్ళ వంక చూసుకున్నాడు. మీసాలు అదిరాయి. ఒక్కసారిగా ఫక్కున నవ్వాడు. సభ ఊపిరి పీల్చుకుంది. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"కోనప్పా, ఆవేళ ఆమె గొంతు తెగింది ఇక్కడే కదూ?"

"ఇక్కడే ప్రభూ."

"నేను నవ్వాను."

"నేను నవ్వించాను."

రాజు దండోరా రద్దు చేశానని చెప్పి, ఈరమ్మకు పట్టుచీర పెట్టించి, తన చేతి కంకణం తీసి కోనప్పకు ఇచ్చాడు. కోనప్ప దాన్ని తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని, ఈరమ్మ వెనకాలే కోటగుమ్మం దాకా నడిచాడు.

"తల్లీ, మంగసానిగారు నా గురించి ఎప్పుడైనా... సభలో హాస్యగాడు ఒకడుండేవాడని, ఏమైనా చెప్పేవారా?"

"సభ ఊసే ఎత్తేది కాదయ్యా. ఆమె కోటలో పాడిందన్న సంగతి ఇవాళ భటులు చెబితేనే మాకు తెలిసింది."

"మీ దగ్గర పాడేది కాదా?"

"ఒక్కనాడూ గొంతెత్తలేదు. పక్కన కూర్చుని సన్నగా కూనిరాగం తీస్తూ చెప్పేది. నువ్వే ఒకసారి పాడమ్మా అంటే, నాకు గొంతు లేదే అనేది." ఈరమ్మ పట్టుచీర చంకలో సర్దుకుంది. "మేము నిజమే అనుకున్నామయ్యా."

కోనప్ప చేతిలోని కంకణాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఎండెక్కుతోంది, నూలు పెళుసెక్కిపోతుంది. వస్తానయ్యా" అని ఆమె గబగబా సాలెవీధి వైపు వెళ్ళిపోయింది.