పొట్టలో వాన కురిసే పెట్టె

దుప్పటి గడ్డం దాకా లాక్కో కన్నా. కాళ్ళు కూడా లోపల పెట్టు. ఆ, ఇప్పుడు చెప్తాను.

అనగనగా, గోదారి కాలవ ఒడ్డున, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక ఊళ్ళో, ఒక ఇంట్లో ఒక పెట్టె ఉండేది. అల్లాటప్పా పెట్టె కాదు. దాని పొట్టలో రోజూ వాన కురిసేది. ఇంట్లో వాళ్ళు తిన్న కంచాలూ గిన్నెలూ అందులో పేర్చి తలుపు మూస్తే చాలు, లోపల వేడివేడి వాన మొదలయ్యేది. వాన వెలిశాక తలుపు తీస్తే, గిన్నెలన్నీ తలంటుకున్న పిల్లల్లా మెరుస్తూ కూచుని ఉండేవి. కొన్నచోట దాన్ని డిష్‌వాషర్ అన్నారు. ఆ ఇంట్లో మాత్రం వానపెట్టె అనేవారు.

ఆ ఇంటి కోడలి పేరు సత్యవేణి. ఆ ఊళ్ళో పూతరేకులు చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, సత్యవేణి చేతి రేకు వేరు. పొయ్యి మీద కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి పిండినీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఇలా పరిచి అలా తీసేది. కుండకి తెల్లటి పొర అంటుకునేది. దాన్ని వేళ్ళతో మెల్లగా లేపి ఎత్తి పట్టుకుంటే, అవతల ఉన్న మనిషి మొహం అందులోంచి కనిపించేది. అంత సన్నటి రేకన్నమాట. ఆ పని వాళ్ళమ్మ నేర్పింది. ఆ పని చేస్తున్నంతసేపూ వాళ్ళమ్మ పక్కనే ఉన్నట్టుండేది సత్యవేణికి.

ఆ వేళ్ళకే వచ్చింది కష్టం. అంట్లు తోమే పొడి ఆమె చేతికి పడలేదు. ముందు చేతులు గరుకెక్కాయి. ఆ తర్వాత దురద పుట్టింది. ఆ తర్వాత వేళ్ళ సందుల్లో చర్మం పగిలింది. పగిలిన వేళ్ళతో రేకు లేపితే ఏమవుతుంది? పగుళ్ళకి పట్టుకుని పర్రున చిరుగుతుంది. ఒక రేకు చిరిగింది. ఇంకోటి చిరిగింది. మరోటీ చిరిగింది. అప్పుడు సత్యవేణి మంట ఆర్పేసి, కుండని తీసుకెళ్ళి అటక మీద పెట్టేసింది.

వాళ్ళన్నయ్య రామభద్రం కాకినాడలో ఉంటాడు. ఒకసారి చెల్లెల్ని చూడ్డానికొచ్చి, అన్నం వడ్డిస్తున్న ఆ చేతుల్ని చూశాడు. తిరిగెళ్ళాక ఈ వానపెట్టెని వ్యానులో పంపించాడు.

ఇక సత్యవేణి అత్తగారున్నారే, బుల్లెమ్మగారు, ఆవిడ నోట్లో పళ్ళు లేవు గానీ మాటలకేం లోటు లేదు. ఇద్దరు ఆడవాళ్ళం ఉండగా అంట్లు కడగడానికి పెట్టె ఎందుకమ్మా అన్నారు. ఎంగిలి కంచాలు లోపల పెట్టుకుని మూతి బిగించుకు కూచుంటుంది, ఇదేం చోద్యం అన్నారు. దానివైపు వీపు పెట్టి చాప వేసుకునేవారు. కానీ మధ్యాహ్నం పూట పెట్టెలో వాన మొదలై, సొయ్ సొయ్‌మని చప్పుడు వస్తుంటే, ఆ ఇల్లంతా జోగేది. గుమ్మంలో పిల్లి జోగేది. వాలుకుర్చీలో సత్యవేణి మొగుడు గనిరాజు జోగేవాడు. పెట్టెకి వీపు పెట్టిన బుల్లెమ్మగారు అందరికంటే ముందు గుర్రు పెట్టేవారు.

అలా వాన పడుతూ ఉంటే సత్యవేణి చేతులు మెల్లమెల్లగా మెత్తబడ్డాయి. పగుళ్ళు పూడుకున్నాయి. దీపావళికి కుండ దింపుదామని ఆమె లోలోపల అనుకుంది.

అప్పుడు దసరా వచ్చింది. దసరాకి ఇంట్లో పనిముట్లన్నిటికీ పూజ చేస్తాం కదా. బుల్లెమ్మగారు పొద్దున్నే తలస్నానం చేసి కత్తిపీటకి బొట్టు పెట్టారు. కవ్వానికి పెట్టారు. గనిరాజు మోటారు సైకిలుకి పెట్టారు. అటక మీది కుండని కూడా దింపించి, దానికీ పెట్టి, మళ్ళీ పైకెక్కించారు. వానపెట్టె మొహాన మాత్రం చుక్క బొట్టయినా లేదు. సత్యవేణి అది చూసింది. ఆమె మనసు చివుక్కుమంది. నా చేతులు బాగుపడటం అత్తయ్యకి ఇష్టం లేదు కాబోలు అనుకుంది.

ఆ మర్నాడే పెట్టెలో వాన నిలిచిపోయింది.

తలుపు తీస్తే అడుగున మురికినీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. గిన్నెలకి జిడ్డు అలాగే ఉంది. పైన ఎర్ర దీపం మిణుక్కుమంటోంది. బాగుచేసే అబ్బాయికి ఫోను చేస్తే, దీపావళి దాటితే గానీ రాలేనన్నాడు. ఇక చేసేదేముంది, సత్యవేణి కొంగు దోపుకుని మళ్ళీ అంట్ల ముందు కూచుంది. రోజులు గడిచేకొద్దీ బొటనవేలి పక్కన చర్మం మళ్ళీ ఎర్రబడింది. ఈసారి పగిలితే ఈ చేతికి రేకు ఇక రాదు, అమ్మ నేర్పిన పని నాతోనే పోతుందని ఆమెకి గుండెల్లో గుబులు పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఆ గుబులుతోనే పెట్టె పక్కన చాప మీద ఒరిగింది. కన్ను మూతపడింది. అప్పుడొక కల వచ్చింది. పెట్టె తలుపు దానంతటదే తెరుచుకుని, లోపల్నుంచి ఒక పిల్ల తొంగి చూసింది. నీటిరంగు గౌను, తడిజుట్టు, అచ్చం నీ అంతే ఉంది. అది పెట్టెలో ఉండే వానపిల్ల. బయటికెళ్ళే నా దారి ఎవరో వంచేశారు, ఎటు పోను నేను, అని మూతి ముడుచుకుంది.

కల నిజమో, ఆమె బుర్రే పడుకుని ఆలోచించిందో నాకు తెలీదు. సత్యవేణి మాత్రం చటుక్కున లేచింది. ముందు ప్లగ్గు పీకేసింది. వింటున్నావా? ప్లగ్గు పీకాకే దేన్లోనైనా చెయ్యి పెట్టాలి. అదీ పెద్దవాళ్ళే పెట్టాలి. ఆ తర్వాత పెట్టె వెనక్కి చూసింది. నీళ్ళు బయటికి పోయే గొట్టం ఉంటుంది కదా, పండక్కి సర్దుతూ బియ్యం డబ్బాని వెనక్కి నెట్టారేమో, ఆ గొట్టం మడతపడి ఉంది. డబ్బా జరిపి గొట్టం సాపు చేసింది. మళ్ళీ ప్లగ్గు పెట్టి మీట నొక్కితే మడుగు కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ఒరిగింది. వానపిల్ల మళ్ళీ వచ్చింది. దారి బాగుంది గానీ గుమ్మానికే ఏదో అడ్డం పడింది, ఊపిరాడటం లేదంది.

సత్యవేణి లేచి, ప్లగ్గు పీకి, కింది అరని బయటికి లాగింది. అడుగున నీళ్ళు పోయే చోట గుండ్రటి జాలీ ఉంటుంది, మనం టీ వడకట్టుకునే జల్లెడ లాంటిది. దాన్ని తిప్పబోతే తిప్పకుండానే చేతిలోకి వచ్చేసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. పండగ ముందు దాన్ని కడిగి, హడావుడిలో బిగించడం మరిచిపోయింది. జాలీ నిండా పోపుగింజలూ కరివేపాకూ ఉన్నాయి. వాటితో పాటు పచ్చగా ఉడికిపోయిన బియ్యం ముద్ద ఒకటుంది. పులిహోర అయి ఉంటుందిలే అనుకుని, పాత బ్రష్షుతో రుద్ది కడిగి, ఈసారి గట్టిగా బిగించింది. ప్లగ్గు పెట్టి మీట నొక్కితే నీళ్ళు ఇంకొంచెం తగ్గాయి. కానీ పెట్టె ఊఁ ఊఁ అని మూలిగి ఊరుకుంది.

ఆ మర్నాడు వానపిల్ల ఏడుపు మొహంతో వచ్చింది. నా కాళ్ళు కట్టేశారు, నేనెలా ఆడను, అంది. ఎవరు కట్టారమ్మా అని సత్యవేణి కలలోనే అడిగింది. కట్టినవాళ్ళు మంచివాళ్ళే, అని చెప్పి వానపిల్ల లోపలికెళ్ళిపోయింది.

సత్యవేణి లేచి మళ్ళీ ప్లగ్గు పీకింది. జాలీ తీసింది. మిగిలిన నీళ్ళు గ్లాసుతో తోడి, గుడ్డతో అద్దింది. జాలీ ఉన్నచోట కింద చిన్న మూత కనిపించింది. చెంచా కాడతో దాన్ని మెల్లగా పైకి లేపింది. లోపల బుల్లి చక్రం ఉంది, నీళ్ళని బయటికి తోసేది అదే. ఆ చక్రానికి ఒక దారం చుట్టుకుపోయి ఉంది. సత్యవేణి ఓపిగ్గా ఒక్కో చుట్టూ విప్పింది. దారం చేతిలోకొచ్చింది. పసుపుదారం. మధ్యలో ముళ్ళు వేసి ఉన్నాయి.

అది తోరం కన్నా. పూజ చేసి, మంచి జరగాలని చేతికి కట్టుకుంటామే, ఆ తోరం.

అప్పుడు సత్యవేణికి ఆ పచ్చటి బియ్యం గుర్తొచ్చింది. అది పులిహోర కాదు. అక్షింతలు. ఆమె దారం పట్టుకుని అలాగే నేల మీద కూచుండిపోయింది.

తలెత్తి చూస్తే గుమ్మంలో బుల్లెమ్మగారు నిలబడి ఉన్నారు. దారాన్ని చూసి ఆవిడ మొహం చిన్నబోయింది. గుమ్మం పట్టుకుని మెల్లగా చెప్పారు.

"పైన బొట్టు పెడితే నీ తెల్లటి పెట్టెకి మరకవుతుందేమోనని లోపల పూజ చేశానమ్మాయ్. అక్షింతలు వేసి, లోపల నీళ్ళు చిమ్ముతూ తిరిగే రెక్కకి తోరం కట్టాను. అన్ని మాటలన్నాను కదా దాన్ని, నీ ముందు చెయ్యాలంటే సిగ్గేసింది. నా కోడలి చేతులు బాగుచెయ్యి తల్లీ అని దణ్ణం పెట్టుకున్నాను. అదే దాని గొంతుకి అడ్డం పడుతుందని నాకేం తెలుసు."

సత్యవేణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జాలీ బిగించకుండా వదిలేసింది తనేనని, లేకపోతే తోరం ఊడినా అంత లోపలికి పోయేది కాదని చెప్పింది. మిమ్మల్ని తప్పుగా అనుకున్నానని కూడా చెప్పేసింది. ఆ తర్వాత లేచి వచ్చి అత్తగారి ముందు తల వంచింది.

"ఇకమీదట అక్షింతలు దానికొద్దు అత్తయ్యా. నాకు వెయ్యండి."

ఆ వేళప్పుడు అక్షింతలెక్కడివి? బుల్లెమ్మగారు ఒట్టి చెయ్యే కోడలి తల మీద పెట్టారు. చాలాసేపు తియ్యలేదు.

అప్పుడు ఇద్దరూ కలిసి మూత నొక్కారు. జాలీ బిగించారు. ప్లగ్గు పెట్టారు. మీట నొక్కితే, లోపల ముందు ఒక గుటక వేసిన చప్పుడైంది. ఆ తర్వాత సొయ్ సొయ్‌మని వాన. గుమ్మంలో పిల్లి ఆవులించింది. బుల్లెమ్మగారు చాప తెచ్చి కోడలి పక్కనే పరుచుకున్నారు. ఈసారి పెట్టెవైపు తిరిగి పడుకున్నారు. ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరి కలలోకీ వానపిల్ల వచ్చిందని కొందరంటారు. గజ్జెలు కట్టుకుని ఆడిందట.

దీపావళి వచ్చేసరికి బొటనవేలి ఎరుపు పోయింది. సత్యవేణి అటక మీంచి కుండ దింపింది. దసరా బొట్టు ఇంకా దాని మీద అలాగే ఉంది. మంట వేసి గుడ్డ పరిచింది. మొదటి రేకు చిరిగింది. రెండోది అంచు దగ్గర విరిగింది. బుల్లెమ్మగారు ఎదురుగా కూచుని మంటలోకి ఇంకో కొబ్బరాకు తోశారు.

మూడో రేకు నిండుగా లేచింది. సత్యవేణి దాన్ని ఎత్తి పట్టుకుంది. అవతల అత్తగారి మొహం కనిపించింది, పాలమబ్బు వెనకాల ఉన్నట్టు, నవ్వుతూ. ఆ పక్కన వాళ్ళమ్మ కూడా ఉన్నట్టే అనిపించిందామెకి.

ఆ తర్వాత రేకుకి నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, మడత పెట్టి, మొదటి పూతరేకు తెచ్చి ఆ పళ్ళు లేని నోట్లో పెట్టింది. నమలక్కర్లేదు కదా, నాలుక మీద అదే కరిగిపోయింది. బుల్లెమ్మగారు కోడలి చేతులు రెండూ తీసుకుని కళ్ళకద్దుకున్నారు.

అదిగో, నీ కళ్ళు కూడా మూసుకుపోతున్నాయి. ఇది నాతో మెల్లగా అను, అని పడుకో.

వానపెట్టెలో వాన కురిసింది,
గిన్నె గిన్నెకీ మెరుపు విరిసింది.
రేకు మడతలో బెల్లం కరిగింది,
కంటిరెప్పపై నిదర ఒరిగింది.
కథేమో కంచికి కదిలెళ్ళింది,
మనకేమో ఇల్లే ఎదురొచ్చింది.