కంప్యూటరుకి మజ్జిగ

వరహాలమ్మకి నలభై నాలుగేళ్ళు. కాఫీ నిలబడే తాగుతుంది. కూర్చుంటే ఇంట్లో మగాళ్ళు ముగ్గురిలో ఎవడో ఒకడు లేపుతాడు కనక.

ఆ ముగ్గురూ ఆమె మొగుడు అప్పలకొండ, మరుదులు సింహాద్రి, పైడయ్య. అనకాపల్లిలో తమంత తెలివిగలవాళ్ళు లేరని వాళ్ళ నమ్మకం. "ఎదుటివాడు చెప్పింది చెప్పినట్టు చేస్తాం. పొల్లు పోనివ్వం. బుర్ర అంటే అదీ!" అని మీసాలు దువ్వుకుంటారు. వరహాలమ్మని మాత్రం ఎదుటివాళ్ళ లెక్కలో ఎప్పుడూ వెయ్యలేదు.

ఆ రోజు కంప్యూటరు మొదలవనంది. తెర మీద "డిస్కు పెట్టండి" అని ఒకటే పాట. వరహాలమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది. ఏళ్ళ తరబడి టైపు చేసుకున్న వంటల పుస్తకమంతా దాని కడుపులోనే ఉంది. సాయంత్రానికి ప్రెస్సుకి చేరకపోతే మహిళా సంఘం వాళ్ళు ఇంకొకరి పుస్తకం వేసేస్తారు.

"మెకానిక్ గోవిందుని రమ్మనండి" అంది.

"నువ్వూరుకోవే, ఇది మగాళ్ళ పని" అని అప్పలకొండ గోవిందుకి ఫోను చేశాడు.

"కంప్యూటరు కొన్నప్పుడు షాపువాళ్ళు ఇచ్చుంటారు, గుండ్రంగా, మెరుస్తూ. అది పెట్టండి" అన్నాడు గోవిందు.

అప్పుడు షాపువాళ్ళు బహుమతిగా ఇచ్చింది స్టీలు పళ్ళెం. గుండ్రంగానే ఉంది, మెరుస్తూనే ఉంది. ఇంకేముంది! మీట నొక్కితే డిస్కు పెట్టే అర బయటికొచ్చింది. పళ్ళెం పట్టలేదు. సింహాద్రి రేకుల కత్తెరతో అంచులు కత్తిరించాడు. పైడయ్య సుత్తితో రెండు వేశాడు. అంతే, అర లోపలికి పోవడం మానేసింది.

"చూడన్నయ్యా, నాలిక బయటపెట్టింది. దాహమేమో!" అన్నాడు పైడయ్య.

మళ్ళీ ఫోను. "వేడెక్కి ఉంటుంది. ఆపేసి, చల్లబరచండి" అన్నాడు గోవిందు.

ఆపారు. ఒంటికి చలవ చేసేదేమిటి? మజ్జిగ! "వదినా, అల్లం వెయ్యకు, వేడి చేస్తుంది" అని సింహాద్రి కేకేశాడు. వాళ్ళకేననుకుని ఆమె గ్లాసు నిండా పోసిచ్చింది. తీరా వచ్చి చూస్తే గ్లాసు ఖాళీ, కంప్యూటరు నాలిక తడి.

"అయ్యో, నా పుస్తకం!"

"కంగారెందుకు వదినా, ఉప్పు కూడా వేశాం."

ఈసారి ఫోను వరహాలమ్మే లాక్కుంది. సంగతి విని గోవిందు హడలిపోయి అరిచిన అరుపు గదంతా వినబడింది. "బయల్దేరుతున్నానమ్మా! దాని దగ్గరికి ఎవర్నీ రానివ్వకండి!"

అంతే. అన్నదమ్ములు కర్రలు తీసి కంప్యూటరు చుట్టూ కాపలా కాశారు. గోవిందు వచ్చాడు. కర్రలు అడ్డం పెట్టారు.

"నేనండీ, గోవిందుని!"

"ఎవరైనా సరే. ఎవర్నీ రానివ్వద్దన్నారు."

"అన్నది నేనే కదండీ!"

"అందుకే మరీ రానివ్వం. మీ మాట మీరే తప్పితే ఎలా?"

బయట పొద్దు వాలుతోంది. వరహాలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మరి మీరు ముగ్గురూ దాని దగ్గరేం చేస్తున్నారు?"

"నిజమే సుమీ, ఎంత తప్పైపోయింది!" అని ముగ్గురూ లెంపలేసుకుని వీధిలోకి పోయి, ఒకణ్ణొకడు లోపలికి రాకుండా పట్టుకు నిలబడ్డారు. గోవిందు పెట్టె విప్పాడు. మజ్జిగ అంత లోతుకి దిగలేదు. పుస్తకం బయటపడింది, వేళకి ప్రెస్సుకి చేరింది.

వెళ్తూ వెళ్తూ గోవిందు, "బాగైపోయిందండీ. ఇంక నిశ్చింతగా పడుకోండి" అన్నాడు.

ఇంకేముంది! ముగ్గురూ ఉన్నచోటే, నడివీధిలో వరసగా పడుకున్నారు. ఆటోలు బారులు తీరి హారన్లు కొడుతుంటే, "మమ్మల్నేం చెయ్యమంటారు? పడుకోమన్నాడు" అన్నాడు అప్పలకొండ కళ్ళు తెరవకుండానే.

పుస్తకం అచ్చయిన రోజు నుంచీ వరహాలమ్మ ఆ ఇంట్లో వంట చెయ్యలేదు. పుస్తకంలో చెప్పింది చెప్పినట్టు, పొల్లు పోకుండా, ముగ్గురూ వండుతున్నారు.