ఆదెమ్మ పెద్దకర్మ నాటి చారు

వంటల పేరయ్యకి ఒక అలవాటు ఉంది. ఎంత పెద్ద భోజనాలైనా సరే, రెండో పంక్తి లేవంగానే పొయ్యి ఇంకొకరికి అప్పగించి, ఎంగిలి విస్తళ్లు పారేసే చోటికి పోయి నిలబడతాడు. ఏ కూర మిగిల్చారు, ఏది తుడిచి తిన్నారు, ఒక్కొక్కటే చూసుకుంటాడు. బాగుంది పేరయ్యా అని ఎవరన్నా మెచ్చుకున్నా పట్టించుకోడు. "మనిషికి మొహమాటం ఉంటదయ్యా, విస్తరికేం ఉంటది?" అంటాడు.

ఆ పేరయ్య దగ్గర పని నేర్చుకున్నవాడే అంకారావు. చదువుకునే రోజుల్లో సెలవలొస్తే చాలు, గుంటూరులో బస్సెక్కి వచ్చి, లుంగీ ఎగ్గట్టి గాడిపొయ్యి దగ్గర నిలబడేవాడు. ఇప్పుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. తొమ్మిదేళ్లయింది. ఫోన్లో బస్సు టికెట్టు కొంటారు చూడు, ఒకే సీటు ఇద్దరికి పోకుండా కాపలా కాసే పని వాడిది. మంచి పనోడని పేరు కూడా ఉంది. అయినా ఏ పెద్ద సంగతైనా గురువుగారి చెవిన వెయ్యందే ముందుకి పోడు. పెళ్లికి పిల్లని చూసొచ్చినప్పుడు కూడా ముందు ఆ పొయ్యి దగ్గరికే వచ్చి చెప్పాడు.

ఆదెమ్మ అనే ముసలావిడ పెద్దకర్మ రేపల్లె అవతల లంక ఊళ్లో జరిగింది. వంట పేరయ్యది. పొద్దున్నే అంకారావు అక్కడ దిగాడు.

"గురువుగారూ, ఒక మాట అడగాలి."

"అడుగు. అడుగుతా ఆ గుమ్మడికాయ కొయ్యి."

కోస్తా చెప్పాడు. ఆఫీసులో వీడి తర్వాత చేరినవాడు ఒకడు ఉద్యోగం మానేసి రెండేళ్లు ఎంబీఏ చదివొచ్చాడంట. ఇప్పుడు వీడికి పైవాడయ్యాడు. ఏం తయారు చెయ్యాలో వాడు చెప్తాడు, ఎట్టా చెయ్యాలో వీడు చూసుకోవాలి.

"నేను చేసే పనిలో వాడికి సగం కూడా రాదు గురువుగారూ. కానీ గదిలో పదిమంది కూర్చుంటే అందరూ వాడి మొహమే చూస్తారు. నేనూ పోయి ఆ చదువు చదవనా అని. బెంగళూరులో. ఫారం అంతా నింపేశా. సాయంత్రం ఆరింటికి ఆఖరు. ఒక్క గడి మిగిలింది."

"ఏందా గడి?"

"ఈ చదువు నీకు దేనికి, అని."

"రాయకపోయావా."

"నాలుగుసార్లు రాసి కొట్టేశా. మీ కోడలు కూడా అదే అడిగింది. ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికన్నా వస్తాగానీ, దేనికి పోతన్నామో అది చెప్పు అంది. తనకీ చెప్పలేకపోయా."

పేరయ్య పులుసులో ఉప్పు చూశాడు. ఒక కట్టె వెనక్కి లాగాడు. భోజనాల వేళకి అంకారావు అలవాటు కొద్దీ గరిటె అందుకోబోతే, అది లాగేసుకుని పప్పు బకెట్టు చేతికిచ్చాడు.

"ఇయ్యాళ పొయ్యి దగ్గర నువ్వొద్దు. బసవపున్నయ్య వెంట పంక్తిలోకి పో."

"నాకు వడ్డన రాదు గదా."

"రాదనే గదా పొమ్మంది."

బసవపున్నయ్య అంటే పేరయ్య దగ్గర పంక్తి నడిపే మనిషి. రెండొందల మంది కూర్చున్నా ఎవరి విస్తట్లో ఏది అయిపోవచ్చిందో, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదో అన్నీ ఆయనకి తెలుసు. అంకారావు తడబాటు చూసి, "ఏమయ్యా సాఫ్ట్‌వేరూ, పప్పు విస్తరికి పెడతన్నావా నేలకి పెడతన్నావా?" అన్నాడు. కర్మ భోజనాలైనా ఆ వరసలో నలుగురూ నవ్వారు.

అంకారావుకి మనుషులు కనపడలేదు, పప్పే కనపడతంది. గట్టిపడిపోతందే, కాసిని వేడినీళ్లు పొయ్యాల్సింది అనుకుంటా వంగి వంగి వడ్డిస్తా దాదాపు చివరిదాకా పోయాడు. అక్కడ సుబ్బారాయుడు కూర్చుని ఉన్నాడు. ఆదెమ్మ మొగుడు. యాభై రెండేళ్ల కాపరం. చుట్టూ చేరి, "తిను బావా, నువ్వు తినకపోతే ఆవిడకి శాంతుండదు" అని బూరెల మీద బూరెలు పడేస్తన్నారు. ఆయన కలిపిన ముద్ద వేళ్ల మధ్య అట్టాగే ఆరిపోతంది.

బసవపున్నయ్య కూడా అది చూశాడు. గొంతు పెంచకుండా బూరెలవాళ్లని అవతలి వరసకి తోలేశాడు. ఎక్కడో ఆడవాళ్లలో కూర్చున్న సుబ్బారాయుడి చెల్లెల్ని లేపుకొచ్చి పక్కన కూర్చోబెట్టాడు. ముసలాయన అప్పుడు కాస్త ఊపిరి తీసుకున్నాడు. ముద్ద మాత్రం నోటికి పోలేదు.

అంకారావు పక్కన గొంతుకు కూర్చున్నాడు. "తాతా, ఏం తెమ్మంటారు?"

"ఏమొద్దు నాయనా. అన్నీ బాగానే చేశారు." ముద్ద విస్తట్లో వదిలేశాడు. "జొరమొచ్చినా, మనసు బాగోకపోయినా మిరియాల చారు కాచిపెట్టేది. వద్దన్నా పెట్టేది. ఇయ్యాళ ఇన్ని చేశారు గానీ, చారు లేదు గదా."

బకెట్టు అక్కడే నేల మీద వదిలేసి అంకారావు పరిగెత్తాడు. పొయ్యిలోంచి రెండు నిప్పుకట్టెలు లాగి, మూడు ఇటుకలు పెట్టి, చింతపండు పిసికి, మిరియాలూ జీలకర్రా రాతితో నలగ్గొట్టాడు. పేరయ్య చూస్తా నిలబడ్డాడు. కరివేపాకు వేసి తాలింపు పెట్టంగానే ఆ ఘాటు పంక్తిదాకా పోయింది. చారు చెంబులో పోసుకుని, వేడికి తువ్వాలు చుట్టి పట్టుకుపోయాడు.

సుబ్బారాయుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమలకుండా ఉండిపోయాడు.

"ఆదెమ్మది ఇంకొంచెం పుల్లగా ఉండేది" అన్నాడు.

అని, కళ్లనీళ్లు కారుతుండగానే తిన్నాడు. ఇంకోసారి పోయించుకున్నాడు. చెల్లెలు కొంగుతో ఆయన గడ్డం తుడిచింది. తన అన్నంలోనూ కాస్త పొయ్యమంది.

పంక్తి లేచింది. ఎప్పటిలాగే పేరయ్య విస్తళ్ల దగ్గరికి పోయాడు, అంకారావునీ రమ్మన్నాడు. సుబ్బారాయుడి విస్తరి పైనే ఉంది. ఆరు బూరెలు ఆరూ ఉన్నాయి. చారన్నం మెతుకు లేదు.

"పొయ్యి దగ్గరే ఉంటే నీకు చారు సంగతి తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"తెలిశాక పంక్తిలో ఉన్నావా?"

అంకారావు తల దించుకున్నాడు.

"తప్పనట్లేదురా. బసవపున్నయ్యా చూశాడు. ఆయన ఇటు రాలా, చెల్లెల్ని పిలిచాడు. ఆవిడ పక్కన లేకపోతే నీ చారు కూడా దిగేది కాదు ఆ గొంతులో."

"అయితే చదవమంటారా, ఒద్దంటారా? నాలుగున్నరయింది గురువుగారూ."

పేరయ్య చేతులు కడుక్కుని, భుజం మీద తువ్వాలుతో నిదానంగా తుడుచుకున్నాడు.

"బకెట్టు వదిలేసి పరిగెత్తావే. నీ వెనక ఇంకా పదిమందికి పప్పు పడాల. దాన్ని ఎవరన్నా అందుకున్నారా లేదా అని ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూశావా?"

అంకారావు లేదన్నట్టు తల ఊపాడు. తల ఊపుతా ఊపుతా ఉంటే, ఎన్నాళ్లకో వాడికి నవ్వొచ్చింది.

"పొయ్యి గుర్తొస్తే పంక్తి మర్చిపోతావు. ఆ పంక్తి చూడ్డం నేర్చుకోడానికే అయితే, ఆ గడిలో అది రాసుకో" అన్నాడు పేరయ్య. "ముందు కూర్చో. చారు గరిటెడు మిగిలింది."