ఆవకాయ జాడీ, ఉత్తరాల డబ్బా

మఠం కంప్యూటరుకు కాపలా నియమాలు రాసే పని తన మీద పడ్డప్పటి నుంచీ త్రిలోచనుడి కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఆ కంప్యూటర్లో ఉన్నవి రెండే. అందరూ చదువుకోవలసిన తాళపత్ర గ్రంథాలు, శిష్యులు గోడ డబ్బాలో వేస్తే స్వామి ఒక్కడే చదివి అందులోకి ఎక్కించి దాచే ఉత్తరాలు.

పుస్తకాలు తిరగేస్తే రెండు పద్ధతులు దొరికాయి. మొదటిది గుట్టు పద్ధతి. కిందివాడు పైకి రాసి పంపవచ్చు, పైనున్నది చదవకూడదు. రెండోది శుద్ధి పద్ధతి. కిందివాడు పైనున్నది చదవవచ్చు, అందులో చెయ్యి పెట్టకూడదు. ఏది పెట్టినా, పెట్టాక అందరూ కట్టుబడాల్సిందే. రాసినవాడే వచ్చి ఇది నాది, నా ఇష్టం అన్నా యంత్రం వినదు.

త్రిలోచనుడికి శుద్ధి పద్ధతి తెగ నచ్చింది. తన మడిబట్ట ఆరేసిన దండెం దరిదాపుల్లోకి కూడా ఎవర్నీ రానివ్వని మనిషి మరి. అన్నిటికీ అదే పెట్టేస్తానని, స్వామి చేత అదే గొప్పదని అనిపించుకుందామని వెళ్లాడు.

“ఉత్తరాలకూ ఇదే పెడదాం, పెట్టాక రాసినవాడి మాట కూడా చెల్లదు. ఆవకాయ జాడీ చూడండి స్వామీ. అందరూ తింటారు, తడిచెయ్యి ఎవరూ పెట్టరు. చెయ్యి పెడితే చెడుతుంది గానీ, చూస్తే అరిగిపోతుందా?”

స్వామి తల ఊపి భోజనానికి లేచాడు. వెళ్తూ వెళ్తూ గోడకున్న ఉత్తరాల డబ్బా తాళం తీసి, ఒక్క ఉత్తరం పైకి తీశాడు.

పంక్తిలో కూర్చుని మొదటి ముద్ద కలుపుతున్న త్రిలోచనుడు దాని మడత చూసి గుర్తుపట్టాడు. అది తనదే. వంట పేరయ్య పెట్టే పులుసు తాగడానికి పనికిరాదనీ, ఇత్తడి చెంబులు తోమడానికైతే దివ్యంగా ఉంటుందనీ మొన్ననే రాసి వేశాడు. ఏడాది పొడుగునా బతకాల్సింది ఆ పేరయ్య గరిటె మీదే.

స్వామి ఆ ఉత్తరాన్ని పేరయ్య చేతికే ఇచ్చాడు.

“స్వామీ, అది నేను రాసుకున్నది. వెనక్కి ఇప్పించండి.”

“రాసినవాడి మాట చెల్లదన్నావు కదా నాయనా.”

పేరయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు వంటింట్లో ఉండిపోయిందన్నాడు. ఎవరైనా చదివి పెట్టమన్నాడు. స్వామి దాన్ని తీసి త్రిలోచనుడి ముందు పెట్టాడు.

“నువ్వు చదువు. చూస్తే అరిగిపోతుందా?”

పంక్తి మొత్తం చేతులు ఆపి ఎదురుచూస్తోంది. అంత మడి మనిషీ ఎంగిలి చేత్తోనే ఉత్తరం పట్టుకుని లేచి, గోడ దగ్గరికి పోయి, డబ్బా సందులోంచి లోపలికి జారవిడిచాడు. ఉత్తరాలకు గుట్టు పద్ధతే పెడదామని అటునుంచి అటే కంప్యూటరు గదివైపు మళ్లాడు.

“త్రిలోచనా,” అన్నాడు స్వామి వెనకనుంచి. “పని ఎక్కడికీ పోదు. పులుసు తాగి వెళ్లు.”

అప్పటికే పేరయ్య అతని విస్తరి దగ్గర గరిటె నిండా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

త్రిలోచనుడు వచ్చి కూర్చున్నాడు. రెండుసార్లు పోయించుకున్నాడు.