వెయ్యి చిలకల గోడ

అనగనగా ఒక రాజు. పేరు ధర్మకేతు, ఏలేది కుంకుమగిరి. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు కత్తి పడితే ఎదురు లేదు. రెండోవాడు వీరకేతు గుర్రమెక్కితే గాలి కూడా వెనకపడేది. మూడోవాడు మణికేతు ఉన్నాడే, వాడికి ఒక వింత సరదా. కనిపించిన ప్రతి ప్రాణి పాదముద్రా సేకరించేవాడు. దీపం మసిలో ఆముదం కలిపి, దాని పాదానికి మెత్తగా అద్ది, తెల్లబట్ట మీద ఆనించేవాడు. అదీ ఊరికే కాదు! ముందు నమస్కారం పెట్టి, "తమ పాదముద్ర ఇప్పిస్తారా?" అని అడిగేవాడు. కాకికైనా అంతే మర్యాద, కప్పకైనా అంతే మర్యాద.

"కత్తి పట్టరా అంటే కాకి కాలు పడతావేమిరా!" అని రాజుగారు తల కొట్టుకునేవారు. అన్నలు పడీపడీ నవ్వేవారు. మణికేతు వాళ్ళతోపాటు తానూ నవ్వేసి, మళ్ళీ మసి కలుపుకునేవాడు.

ఒకనాడు సభకు ఒక చిత్రకారుడు వచ్చాడు. "మహారాజా, అచ్చం మీలాగే ఉండే బొమ్మ గీస్తాను" అన్నాడు. రాజుగారు మీసం మెలేసి కూర్చున్నారు. ఆఖరి గీత గీశాడో లేదో, సింహాసనం ఖాళీ! రాజుగారు బొమ్మలో ఉన్నారు, కళ్ళనిండా నీళ్ళతో. వాడు చిత్రకారుడు కాదు, మాయాక్షుడనే మాంత్రికుడు.

"నలభై రోజుల్లో ఈ రంగు ఆరిపోతుంది. ఆ తరవాత మీ రాజు ఎప్పటికీ బొమ్మే!" అని వాడు విరగబడి నవ్వాడు. "నా ప్రాణం చిలకలో ఉంది. ఆ చిలక ఏడు సముద్రాల అవతల నా కోటలో ఉంది. చేతనైతే వచ్చి పట్టుకోండి!" బొమ్మ చుట్టి చంకన పెట్టుకుని మాయమయ్యాడు.

అన్నలిద్దరూ ఉన్న ఒక్క ఓడా ఎక్కి వెళ్ళారు. పది రోజులయింది, ఇరవై రోజులయింది. కబురు లేదు. మణికేతుకు మనసాగలేదు. "నాన్నను నేను తెస్తాను" అన్నాడు. మంత్రులు మొహాలు చూసుకున్నారు. "నువ్వా బాబూ?" అన్నారు. "నేనే" అన్నాడు మణికేతు, మూట భుజాన వేసుకుంటూ.

పోగా పోగా పోగా, దారిలేని అడవి అడ్డం వచ్చింది. అక్కడొక ఏనుగు. మణికేతు నమస్కరించి పాదముద్ర అడిగాడు. "నా దంతాలు అడిగినవాళ్ళే గాని, పాదం అడిగినవాడు ఇన్నాళ్ళకు కనిపించాడు!" అని ఏనుగు పొంగిపోయి, వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని అడవి దాటించింది.

పోగా పోగా పోగా, సముద్రం వచ్చింది. ఒడ్డున తాబేలు. దానికీ నమస్కారం, దానికీ మసి. "అబ్బో, నా అడుగు ఇంత అందంగా ఉంటుందా!" అని తాబేలు మురిసి, ఒకటీ, రెండూ, మూడూ అని లెక్కపెడుతూ ఏడు సముద్రాలూ ఈదేసింది.

కోట గోడ నున్నగా అద్దంలా ఉంది. కింద ఉడుము ఒకటి ఎండ కాచుకుంటోంది. "నా గోళ్ళ గుర్తులు కూడా తీస్తావా నాయనా?" అని అదే అడిగింది. ముద్ర చూసుకుని తృప్తిగా తలాడించి, నడుముకు తాడు కట్టించుకుని సరసరా గోడెక్కి పట్టు బిగించింది. మణికేతు తాడు పట్టుకుని పైకెక్కి కోటలో దిగాడు.

లోపల ఒక అమ్మాయి రంగులు నూరుతోంది. ఆమె రత్నపురి రాకుమారి హేమరేఖ. మాంత్రికుడు ఎత్తుకొచ్చి చాకిరీ చేయిస్తున్నాడు.

"నలభయ్యో రోజు ఇవాళే. పొద్దు వాలితే మీ నాన్నగారి రంగు ఆరిపోతుంది" అంది హేమరేఖ, మణికేతు సంగతి చెప్పగానే. ఎదుటి గోడ చూపించింది. గోడంతా తోట బొమ్మ. కొమ్మకొమ్మకూ చిలకలు, మొత్తం వెయ్యి. "ఒక్కటే ప్రాణమున్న చిలక. మంత్రం వల్ల కదలదు, మెదలదు. బొమ్మచిలకను ముట్టుకున్నారో, మీరూ బొమ్మైపోతారు. మీ పెద్దన్న మెరిసే కన్ను చూసి మోసపోయాడు. చిన్నన్న నిగనిగలాడే రెక్క చూసి మోసపోయాడు. వద్దు బాబూ, వెళ్ళిపోండి!"

గోడ మూలన తగిలించిన బొమ్మలో నాన్న, ఆ పక్కన గోడ మీదే బొమ్మలై అన్నలు. మణికేతుకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళూ చూడలేదు, రెక్కలూ చూడలేదు. వరసగా కాళ్ళు చూస్తూ పోయాడు. ముందుకు మూడు వేళ్ళు, వెనక్కి ఒకటి. ముందుకు మూడు, వెనక్కి ఒకటి. చూస్తూ చూస్తూ ఫక్కున నవ్వాడు.

"ఎందుకండీ నవ్వుతారు?"

"వీడు చిలకలన్నిటికీ కోడికాళ్ళు వేశాడు! చిలకకు ముందు రెండు వేళ్ళు, వెనక రెండు."

పొద్దు వాలుతుండగా, ఆరొందల పన్నెండో చిలక దగ్గర ఆగాడు. ముందు రెండు, వెనక రెండు. చెయ్యి చాచి గుప్పిట పట్టేశాడు. చిలక కీచుమంది. మాయాక్షుడు కుంచె పారేసి గొంతు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"చంపకు నాయనా! నీ కాళ్ళు పట్టుకుంటా!"

"ముందు అందరినీ విడిపించు. చంపను, మాట ఇస్తున్నా."

మాంత్రికుడు బొమ్మల మీద నీళ్ళు చల్లాడు. అన్నలు దిగారు. ఎక్కడెక్కడి రాజులో, రైతులో దిగారు. ఆఖరున రాజుగారు దిగి కొడుకును గట్టిగా వాటేసుకున్నారు. "నిన్ను చూసి సిగ్గుపడేవాణ్ణిరా. ఇప్పుడు నన్ను చూసి నాకే సిగ్గుగా ఉంది" అని వెక్కివెక్కి ఏడ్చారు.

"మరి నా చిలక?" అన్నాడు మాయాక్షుడు. మణికేతు కిటికీ తెరిచి చిలకను ఎగరేశాడు. అది రివ్వున పోయింది. "అయ్యో, గద్ద! అయ్యో, పిల్లి!" అని మాంత్రికుడు ఆకాశం చూస్తూ దాని వెనకే పరుగెత్తాడు. ప్రాణం కాపాడుకోవడంతోనే సరిపోయి, మళ్ళీ కుంచె పట్టే తీరిక వాడికి దొరకలేదు.

మణికేతుకూ హేమరేఖకూ వైభవంగా పెళ్ళి జరిగింది. అన్నలిద్దరూ తమ్ముడికే పట్టం కట్టమన్నారు. మణికేతూ హేమరేఖా డెబ్భై ఏళ్ళు చల్లగా ఏలారు. రాణి గీసిన బొమ్మలూ, రాజు తీసిన ముద్రలూ చూడటానికి దేశదేశాల జనం వచ్చేవారు. ఆ జనంలో అందరికంటే ముందు నిలబడి, "ఇది ఏనుగుది, ఇది తాబేలుది, ఇవన్నీ మా మూడోవాడు తీసినవే!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి విసిగించింది మాత్రం ముసలి రాజుగారే.